నాలుగో దారం

వేసవి వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఆ ఇంటి పెరట్లో ఉన్నదంతా కుమ్మరించి పోయింది. సంతోషమే, కాదని ఎవరన్నారు. కానీ రోజుకు రెండు బుట్టల చొప్పున సంతోషం వచ్చి పడుతుంటే ముగ్గురు మనుషులు ఎంతని తింటారు చెప్పండి. వంటగది గట్టు మీద వంకాయలు, గట్టు కింద దోసకాయలు, కిటికీలో వరసగా టమాటాలు. చిక్కుడుకాయలకు ఇక చోటు చాలక ముందుగదిలో కుట్టుమిషను పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టారు. బట్టల కోసం వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ ఆ కుర్చీలో కూర్చోబోయి, చిక్కుడుకాయల్ని చూసి, పెద్దమనిషెవరో ముందే వచ్చినట్టు మర్యాదగా నిలబడేవాళ్ళు.

ముందుగది కుట్టుపని గది. ఆ ఇంటి కోడలు టైలరు. వీధివీధంతా ఆమెను టైలరమ్మ అనే పిలుస్తుంది. మెడలో టేపు, మణికట్టుకు సూదులు గుచ్చుకునే చిన్న దిండు, ఇవి లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. మోకాలికి చిన్న ఆపరేషను జరిగి నెల రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. ఇరవయ్యేళ్ళుగా తెల్లారకముందే ఇల్లు వదిలే మనిషి పగలంతా ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఆడవాళ్ళను అడగండి, చెబుతారు. కాలు ఎక్కువ కదపొద్దన్న డాక్టరు నోటి సంగతి ఏమీ చెప్పలేదు మరి. మూడో మనిషి డ్రైవరు తల్లి, డెబ్బై తొమ్మిదేళ్ళ అత్తగారు. పెరడు ఆవిడది.

ఆవిడదంటే ఆవిడదే. కోడలు కాపురానికొచ్చి ఇరవై రెండేళ్ళు. అన్నేళ్ళలో కాయలు కొయ్యడానికి తప్ప మడుల్లో కాలు పెట్టనిచ్చింది లేదు. "నీకు గుడ్డ తెలుసు, నాకు మట్టి తెలుసు, ఎవరి పని వాళ్ళు చూసుకుందాం," అనేది. కోపంతో కాదు, కచ్చితంగా. అలాంటి మనిషికి ఈమధ్య చూపు మసకబారింది. వసంతంలో ఒకరోజు కలుపు మొక్కలనుకుని ఒక వరస ముల్లంగి మొలకలన్నీ పీకేసింది. పీకినవాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, కాసేపు అలాగే కూర్చుంది. ఆ సాయంత్రం చిన్న పార, నీళ్ళ డబ్బా, విత్తనాల రేకు డబ్బా మూడూ తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది.

"ఈ ఏడు నుంచి నువ్వు చూసుకో. చేతి వేళ్ళతో తడిమితే తెలిసినంతే నాకు తెలుస్తోంది," అంది. అంతే, ఇంకో మాట లేదు. ఏడ్చి గోల చేసుంటే కోడలు ఓదార్చేది. ఏమీ అనకపోయేసరికి టైలరమ్మకు భయం పట్టుకుంది.

భయపడ్డా కష్టపడింది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఉదయం మిషను ఎక్కకముందు ఒక గంట, సాయంత్రం దిగాక ఒక గంట మడుల్లోనే. ఇంట్లో ఉన్న పాతగుడ్డ పేలికలతో తీగలకు ఊతకర్రలు కట్టింది. అంచులు కొలిచినట్టు వరసలు తీసింది. అత్తగారు వెనకమెట్టు మీద కూర్చుని, అడిగితే చెప్పేది, అడక్కపోతే ఊరుకునేది. ఎండలు ముదిరే వేళకు దోసతీగ గోడెక్కింది, వంగచెట్లు నల్లగా నిగనిగలాడాయి. ఇప్పుడు వేసవి చివరికొచ్చి ముగ్గురూ పంట అనుభవిస్తున్నారు. సాయంత్రాలు ముగ్గురూ వెనకమెట్ల మీద పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే లోపలికి వెళ్ళబుద్ధయ్యేది కాదు. మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చిన వంకాయ, అప్పుడే తెంపి ఉప్పు అద్దుకున్న దోసకాయ, రొట్టె. డ్రైవరు తింటూ కళ్ళు మూసుకునేవాడు. "బస్సు క్యాంటీనులో ఇన్నాళ్ళూ నేను తిన్నది ఏమిటసలు," అనేవాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది టమాటా. ఆ ఇంటి టమాటాకు బుంగమూతి అని పేరు. ఒక పక్క గుండ్రంగానే ఉంటుంది, రెండో పక్క అలిగిన పిల్ల మూతిలా ఉబ్బి ముందుకొస్తుంది. బజారులో ఆ రకం లేదు. అత్తగారు పెళ్ళై వస్తూ తల్లి దగ్గర్నుంచి గుప్పెడు గింజలు తెచ్చుకుంది, ఆ తల్లి తన తల్లి దగ్గర్నుంచి తెచ్చుకుంది. ఏటా చెట్టు మీద కాసినవాటిలో అన్నిటికన్నా మంచి కాయను ఎంచి, దాని తొడిమకు పాతగుడ్డ పేలిక కట్టేవాళ్ళు. పేలిక కట్టిన కాయ జోలికి ఎవరూ పోకూడదు. అది మెత్తబడి, తొక్క ముడతలు పడి, ఈగలు ముసిరేదాకా చెట్టునే ఉండాలి. అప్పుడు గింజలు తీసి గుడ్డ మీద ఆరబెట్టి రేకు డబ్బాలో దాచాలి. డ్రైవరు చిన్నప్పుడు ఒకసారి ఆ కాయను ముట్టుకున్నందుకు తిన్న దెబ్బలు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఈ ఏడు ఆ డబ్బా దగ్గరే టైలరమ్మ మొదటి పొరపాటు చేసింది. మొదటిసారి కదా, ఉత్సాహం కొద్దీ డబ్బాలో ఉన్న బుంగమూతి గింజలన్నీ నారు పోసేసింది. నాలుగు గింజలు వెనక్కి ఉంచుకోవాలని అత్తగారు చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన మాటని ఆవిడకు తోచలేదు. నారుకు కుళ్ళు తెగులు తగిలింది. వారం తిరిగేసరికి అన్నీ మెడలు వాల్చేశాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని కోడలు కంటికి రెప్పలా కాచుకుంది. మిగతా టమాటాలు నర్సరీ నుంచి తెచ్చి నాటిన మామూలు రకం.

ఆ ఒక్క చెట్టూ బాగానే కాసింది. వేసవంతా వచ్చిన కాయల్ని వచ్చినట్టే తిన్నారు. చివరి గుత్తిలో ఒక కాయ వచ్చింది, ఏమని చెప్పను, గుప్పిట్లో పట్టని కాయ, మచ్చ లేదు, మరక లేదు, మూతి మాత్రం నిండా ముడిచింది. అత్తగారు వేళ్ళతో చుట్టూ తడిమి, "ఇదే," అంది. టైలరమ్మ దాని తొడిమకు గుర్తు కట్టింది. ఆ తర్వాత చెట్టు ఆకులు ఎండటం మొదలుపెట్టాయి, పూత ఆగిపోయింది. చెట్టు మీద మిగిలింది ఆ ఒక్క కాయ. డబ్బా ఖాళీ. అమ్మమ్మల నాటి విత్తనమంతా ఇప్పుడు ఆ ఒక్క కాయలో ఉంది. దాన్ని చూడటానికే ఆమె రోజుకు నాలుగుసార్లు మిషను దిగేది.

గుర్తు కట్టిందన్నాను కదా. చేతికి అందిన పేలికలన్నీ అప్పటికే తీగలకు కట్టేసింది. పక్కన ఉన్నది ఎర్రదారం. అదే కట్టింది.

ఇక్కడ ఆ ఇంటి దారాల సంగతి ఒకటి చెప్పాలి. టైలరమ్మకు పుస్తకంలో రాసుకునే అలవాటు లేదు. పని ఇంకా మిగిలిన బట్టల మూటకు తెల్లదారం కడుతుంది. పని పూర్తయి ఇచ్చెయ్యడానికి సిద్ధంగా ఉన్న మూటకు ఎర్రదారం. బట్టలు ఇచ్చిన మనిషి వచ్చినప్పుడు ఎర్రదారం కత్తిరించి మూట చేతికిస్తుంది, ఆ దారాన్ని మిషను పక్కన గోడకున్న మేకుకు తగిలిస్తుంది. రాత్రి మేకు మీది దారాలు లెక్కపెట్టుకుంటే ఎన్ని మూటలు వెళ్ళాయో తెలుస్తుంది. ఇంకో పట్టింపు కూడా ఉంది ఆమెకు. ఎవరి గుడ్డలో మిగిలిన ముక్కలు వాళ్ళకే, అంగుళం పీలికైనా సరే, మూటలో పెట్టి ఇచ్చేస్తుంది. "ఈ పీలికలు మేమేం చేసుకోవాలమ్మా," అని జనం నవ్వుతారు. "నేను మాత్రం ఏం చేసుకోను, మీవి మీకే," అంటుంది.

ఆ రోజు గుండీలు, జిప్పులు అయిపోయి ఆమె బజారుకు బయల్దేరింది. వెళ్తూ భర్తకు చెప్పింది.

"మూడు మూటలున్నాయి. నర్సమ్మ పిల్లల గౌన్లు, బేకరీ ఆయన చొక్కాలు, స్టేషను మాస్టారి పాంటు. ఎర్రదారం ఉంటే ఇచ్చెయ్యండి. తెల్లదారం జోలికి పోకండి. దారం మేకుకి తగిలించడం మర్చిపోకండి."

"నాకు సిగ్నళ్ళు నేర్పుతున్నావా," అన్నాడు డ్రైవరు. "ఎరుపు ఆగడానికి, నీ దగ్గర మాత్రం పోవడానికి. అదొక్కటే కొత్త, నేర్చుకున్నాలే."

ఆమె వెళ్ళి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర అయింది. సంచీ దించి, నీళ్ళు తాగి, అలవాటుగా మేకు వైపు చూసింది. దారాలు వేలాడుతున్నాయి. వేలితో ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టింది. నాలుగోది కూడా ఉంది.

మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగే. బల్ల మీద చూస్తే ఎర్రమూటలు మూడూ లేవు, తెల్లమూటలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నాలుగో దారం మిగతావాటికన్నా పొట్టిగా ఉంది. చేతిలోకి తీసుకుని చూస్తే ముడి తను వేసిందే, దాన్ని పట్టుకుని చిటికెడంత ఆకుపచ్చ తొడిమ ముక్క ఉంది.

పెరటి గుమ్మం దాకా వెళ్ళి చూసింది. ఎండిన చెట్టు ఊతకర్రకు ఆనుకుని నిలబడి ఉంది. కాయ లేదు.

భర్త వంటగదిలో చిక్కుళ్ళు తుంచుతున్నాడు. ఆమె లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నాలుగో దారం ఎవరికి కత్తిరించారు?" అంది నెమ్మదిగా.

"మాస్టారికి. నాలుగింటికి వచ్చారు," అన్నాడతను, పని సరిగా చేసిన మనిషి గొంతుతో. "పాంటు ఇచ్చాను. వట్టి చేతుల్తో పంపడమెందుకని పెరట్లోకి తీసుకెళ్ళాను. చూద్దును కదా, అంత మంచి కాయకి ఎర్రదారం కట్టుంది. రావాల్సినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే, ఆయనకోసమే కట్టి ఉంచావనుకున్నా. కత్తిరించి ఇచ్చా. దారం మేకుకి తగిలించా. ఏం, ఆయనకి కాదా?"

టైలరమ్మకు తిట్టాలనిపించింది. తిట్టాలంటే దేనికని తిట్టాలి? తను చెప్పినట్టే చేశాడు. చెప్పినదానికన్నా శ్రద్ధగా చేశాడు. దారం కట్టింది తను, సిద్ధమైనవాటికి ఎర్రదారమని నేర్పింది తను.

"అది విత్తనం కాయండీ," అంది చివరికి.

సగం తుంచిన చిక్కుడుకాయ డ్రైవరు చేతిలోనే ఆగిపోయింది. అతని చిన్నప్పటి దెబ్బలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. "విత్తనం కాయకి పేలిక కదా కట్టేది," అన్నాడు సన్నగా.

"పేలికలు అయిపోయాయి. అత్తయ్యకి తెలుసా?"

"పడుకుంది. ఇంకా లేవలేదు."

"లేస్తే ఏమీ చెప్పకండి. ఇప్పుడే వస్తా," అని ఆమె చెప్పులు వేసుకుంది. మెడలో టేపు, చేతికి సూదుల దిండు అలాగే ఉన్నాయి. వీధిలో పరుగు తియ్యకూడదని నడిచింది, కానీ ఆ నడకకూ పరుగుకూ తేడా ఎదురొచ్చినవాళ్ళకు తెలియలేదు. మాస్టారు ఒంటరి మనిషి, రాత్రి భోజనం ఎనిమిదింటికి గాని చెయ్యడు. కాయ ఇంకా బల్ల మీదే ఉంటుంది. అడిగితే ఇచ్చేస్తాడు. ఇచ్చేస్తే చాలు, ఇంకో నాలుగు కిలోలు ఏం కావాలంటే అవి ఇస్తాను, అనుకుంది.

స్టేషను మాస్టారు ఉద్యోగం మానేసి పదేళ్ళయినా గడియారం మాత్రం మానలేదు. ఏం చెప్పినా నిమిషాలతో చెబుతాడు. ఆమె వెళ్ళేసరికి వరండాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. ఆ ముఖంలో తృప్తి చూడగానే ఆమెకు అంతా అర్థమైపోయింది.

"రా అమ్మా. నేనే వద్దామనుకుంటున్నా, నువ్వే వచ్చావు," అన్నాడాయన లేచి కూర్చుంటూ. "పాంటు సంగతి తర్వాత. ఆ టమాటా సంగతి ముందు చెప్పాలి."

"తినేశారా మాస్టారూ?"

"నాలుగూ నలభైకి మొదలుపెట్టాను. నాలుగూ యాభై ఎనిమిదికి అయిపోయింది. పద్దెనిమిది నిమిషాలు. ఒక్క టమాటాకి నా జీవితంలో అంత టైము ఎప్పుడూ ఇవ్వలేదు."

ఆమె వరండా మెట్టు మీద కూలబడింది. పొగడ్తలకు సిగ్గుపడిందనుకున్నాడు కాబోలు, ఆయన ఇంకా ఉత్సాహంగా అందుకున్నాడు. కత్తి తెద్దామనుకున్నాడట, కానీ చేతిలో పట్టుకుంటే ఎండ వేడి ఇంకా లోపలే ఉందట, చల్లారిపోతుందని అలాగే కొరికాడట. "ముందు తీపి తగిలిందమ్మా. సరే తియ్యటి కాయ అనుకున్నాను. అంతలో పులుపు వచ్చింది. వచ్చి ఉండిపోలేదు, ఒక్క నిమిషం ఆగి వెళ్ళిపోయింది. మళ్ళీ తీపి, కానీ ఇందాకటి తీపి కాదు, వేరే. లోపల తెల్లటి గట్టి గుజ్జు అన్నది లేదు. రసం మోచేతి దాకా కారింది. నేను, ఈ వయసులో, మోచెయ్యి నాకాను. ఎవరైనా చూశారేమోనని వీధి వైపు కూడా చూశాను."

ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ఏది ముందు రానివ్వాలో తెలియలేదు. ఇన్నాళ్ళు పెంచిన కాయను ఒకరు అంత మనసు పెట్టి తిన్నారంటే సంతోషమే మరి. కానీ ఇంటికెళ్ళి ఏం చెప్పాలి?

"గింజలు ఏమైనా మిగిలాయా మాస్టారూ? ఒక్కటైనా?" అని అడిగింది. అడిగాక కథంతా చెప్పింది, డబ్బా ఖాళీ అన్న దగ్గర్నుంచి దారం దాకా.

మాస్టారి ముఖం మాడిపోయింది. "అయ్యో తల్లీ. గింజ కూడా వదల్లేదే. తొడిమ కూడా చీకి పారేశాను."

"చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నా. కానీ ముందు తుడుచుకున్నాను."

"దేనికి?"

ఆయన లేచి వరండా కిటికీ దగ్గరకు వెళ్ళాడు. ఊచల మధ్య ఒక తెల్లటి గుడ్డ ముక్క దోపి ఉంది. పాంటు జేబులకు వేయగా మిగిలిన గుడ్డ, జానెడు ముక్క, ఆమే మూటలో పెట్టి పంపింది. "నువ్వు ఇచ్చే పీలికలు ఎందుకూ అని ఎప్పుడూ నవ్వేవాణ్ణి. ఇవాళ చేతికి అదే అందింది. మోచెయ్యి, గడ్డం అన్నీ దీంతోనే తుడుచుకున్నా," అన్నాడు.

టైలరమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని ఒళ్ళో పరిచింది. గుడ్డంతా గులాబీరంగు మరక. మరకలో అక్కడక్కడా, అతుక్కుని ఆరుతున్న గింజలు. లెక్కపెట్టింది. ఏడు. గాలికి ఎగిరిపోతాయేమోనన్నట్టు ఊపిరి బిగపట్టి మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.

తలెత్తి ఆయన్ని చూసింది. పైనుంచి కిందికి, కొలతలు తీసుకునేటప్పుడు చూసినట్టు. "కదలకండి మాస్టారూ," అంది. దిండులోంచి సూది తీసి, ఆయన చొక్కా జేబు అంచు మడతలోంచి ఒక గింజను, మూడో గుండీ కిందనుంచి ఇంకో గింజను మెల్లగా లేపి గుడ్డ మీదికి చేర్చింది. మాస్టారు ఊపిరి కూడా పీల్చకుండా బండి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు.

మొత్తం తొమ్మిది.

ఆమె ఇంటికొచ్చేసరికి పెరట్లో ఎండ గోడ మీదికి ఎక్కింది. అత్తగారు లేచింది. లేవడమే కాదు, మడుల్లో ఉంది. రోజూ ఈ వేళకు ఆవిడ ఊతకర్రలు పట్టుకుంటూ వరసల వెంబడి నడిచి, చెట్టు చెట్టునూ వేళ్ళతో పలకరిస్తుంది. ఇప్పుడు బుంగమూతి చెట్టు దగ్గర ఆగి ఉంది. కాయ ఉండాల్సిన చోట చెయ్యి ఉంది. వెనకమెట్టు మీద డ్రైవరు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా," అంది అత్తగారు, అడుగుల చప్పుడు విని. "వీడు నీ కోసం చూస్తున్నాడు. నోరు విప్పట్లేదు. వీడు నోరు మూసుకున్నాడంటే ఏదో చేసే ఉంటాడు. కాయ ఏది?"

"తప్పు ఆయనది కాదత్తయ్యా, నాది," అంది టైలరమ్మ. దాచుకోకుండా చెప్పేసింది. పేలిక బదులు ఎర్రదారం కట్టానని, ఆయన డెలివరీ అనుకుని ఇచ్చేశారని, మాస్టారు తినేశారని. "మీరు నా చేతుల్లో పెట్టారు. మొదటి ఏడాదే ఇలా చేశాను. మీ అమ్మగారి విత్తనం అది. నాకు మీ మొహం చూడాలంటే..." అంది.

"నాది కూడా ఉంది," అన్నాడు డ్రైవరు మెట్టు మీదనుంచి. "నేను ఒక్క మాట అడగాల్సింది."

అత్తగారు ఊతకర్రను పట్టుకుని అలాగే నిలబడింది. దూరంగా ఎవరింట్లోనో పళ్ళేల చప్పుడు వినిపించింది. ఆ ఇంట్లో ఎవరైనా పది దెబ్బలు తినడానికి సిద్ధపడేవారే గాని, ఆ నిశ్శబ్దం భరించడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

"మొత్తం తినేశాడా?" అంది చివరికి.

"మొత్తం."

"ఎలా ఉందిట?"

కోడలికి అర్థం కాలేదు. "ఏమిటత్తయ్యా?"

"కాయ. ఎలా ఉందిట? రుచి."

టైలరమ్మ, డ్రైవరు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అత్తగారు తడుముకుంటూ వచ్చి మెట్టు మీద కొడుకు పక్కన కూర్చుంది. కోడల్ని కూడా కూర్చోమని పక్కన తట్టింది.

"నేను ఈ ఇంటికొచ్చి యాభై ఎనిమిదేళ్ళు," అంది. "ఏటా ఒకటి కట్టాను. అన్నిట్లోకీ మంచిది ఏదో అదే కట్టాను. కట్టినదాన్ని ఎండకి, ఈగలకి వదిలేశాను. మా అమ్మ అంతే, వాళ్ళమ్మ అంతే. తొంభై, వందేళ్ళ నుంచి ఈ చెట్టుకి కాసిన మంచి కాయ మా ఇంట్లో ఒక్కరూ తినలేదే అమ్మాయ్. తినేవన్నీ రెండో రకం. ఎప్పుడూ అనుకునేదాన్ని, ఆ కట్టిన కాయ ఎలా ఉంటుందో అని. అడగడానికి ఎవరున్నారు, తిన్నవాళ్ళు ఉంటే కదా. ఇప్పుడు ఒకడున్నాడు. ఏమన్నాడో చెప్పు. వదలకుండా చెప్పు."

టైలరమ్మ చెప్పింది. వేడి సంగతి, తీపి సంగతి, పులుపు వచ్చి ఆగి వెళ్ళడం, మళ్ళీ తీపి. మోచెయ్యి నాకడం కూడా చెప్పింది. అత్తగారు విని, "ఆ రెండో తీపి ఎలాంటిదన్నాడు," అని అడిగింది. కోడలికి తెలియదు. "వేరే అన్నారంతే."

"వేరే అంటే సరిపోతుందా. ఒరేయ్, వెళ్ళి ఆయన్ని పిలుచుకురా. కుంటుకుంటూనే వెళ్ళు, నీకదే శిక్ష."

మనిషి ఎంత సంతోషంగా కుంటగలడో అంత సంతోషంగా కుంటుకుంటూ వెళ్ళాడు డ్రైవరు. మాస్టారు వచ్చాడు. తప్పు చేసినవాడిలా గుమ్మంలో నిలబడి క్షమాపణ మొదలుపెట్టబోయాడు. అత్తగారు చేత్తో ఆపింది. చిక్కుడుకాయల్ని కుర్చీలోంచి దింపించి, ఆ కుర్చీ పెరట్లోకి తెప్పించి, ఆయన్ని అందులో కూర్చోబెట్టింది. మాస్టారు నాలుగూ నలభైనుంచి మొదలుపెట్టాడు. ఒక్క నిమిషం కూడా వదల్లేదు. అత్తగారు కళ్ళు మూసుకుని వింది. పులుపు దగ్గర ఆవిడ దవడ కదిలింది. రెండో తీపి దగ్గరకొచ్చేసరికి ఆయన చాలాసేపు వెతుక్కుని, "వర్షం పడ్డాక తలుపు తెరిస్తే ఎలా ఉంటుందో అలాగమ్మా," అన్నాడు. అత్తగారు తలూపింది, తను అనుకున్నదదే అన్నట్టు.

ఆయన మాట ముగిశాక టైలరమ్మ గుడ్డ ముక్కను ఆవిడ ఒళ్ళో పరిచింది. "తొమ్మిది దొరికాయి," అంది.

అత్తగారు వేలి కొసలతో ఒక్కొక్కటీ తాకింది. మరక అంచుల దాకా తడిమి, పదో గింజను గుడ్డ మడతలో తనే పట్టుకుంది. ఆవిడ ముఖంలో నవ్వు అప్పుడు వచ్చింది. "నీ కళ్ళకన్నా నా వేళ్ళు నయం," అంది. "నేను ఆరబెట్టేదీ గుడ్డ మీదే కదా. మాస్టారూ, మా పని మీరే చేసిపెట్టారు. ఇంకో రెండ్రోజులు నీడలో ఉంచి డబ్బాలో పెట్టు. వచ్చే ఏడు అయిదు నాటు, అయిదు ఉంచు."

"మళ్ళీ నేనేనా అత్తయ్యా?" అంది టైలరమ్మ.

"మరి నేనా? ముల్లంగి పీకేదాన్ని."

ఆ సాయంత్రం నలుగురూ పెరట్లోనే తిన్నారు. కాల్చిన వంకాయ, ఉప్పద్దిన దోసకాయ, మామూలు టమాటాలు. మామూలు టమాటాల గురించి మాస్టారు మర్యాదకు కూడా ఏమీ అనలేదు, అది అందరూ గమనించి నవ్వుకున్నారు. పళ్ళేలు తీసేటప్పుడు అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"వచ్చే ఏడు రెండు కాయలు కట్టు," అంది. "డబ్బాలోకి వెళ్ళేదాని పని ఇంకా అవలేదు, దానికి తెల్లదారం. రెండోదానికి ఎర్రదారం. ఆ ఎర్రదారందాని కోసం మాత్రం నేను వస్తాను, నాకే ఇవ్వాలి."